నలభై రెండో దేవత

నమ్మవు. ముందే చెప్తున్నా, నువ్వు నమ్మవు. చదివాక ఆ పళ్ళికిలించే ఎమోజీ పెట్టావంటే మాత్రం బ్లాక్ చేసి పారేస్తా, ఒట్టు.

దమ్ముంటే లైటు ఆపేసి చదువు. చివరిదాకా.

ఐస్ ఫ్యాక్టరీ వెనక ఒక సందు ఉంది. పగలు చూస్తే ఏముంది అందులో... తడి రంపపు పొట్టు వాసన, దారికి అడ్డంగా పడుకున్న రెండు కుక్కలు, పిట్టగోడల మీద ఆరేసిన బట్టలు. ఆ సందు చివర ఒక మేడ. కింద రెండు గదులు, పైన ఒక్క గది, ఆ గదికి బయటి నుంచి ఇనప మెట్లు. గేటుకి 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని అట్టముక్క. అది వేలాడి వేలాడి అక్షరాలు కూడా వెలిసిపోయాయి. ఎవరో ఒకరు వస్తారు, గదులు చూస్తారు, కుళాయి తిప్పి చూస్తారు, గాలి బాగా వస్తోందంటారు. వెళ్తూ వెళ్తూ పక్కవాళ్ళతో రెండు మాటలు మాట్లాడతారు.

అంతే. మళ్ళీ ఆ ఛాయలకి రారు.

ఎందుకంటే రాత్రి పదకొండున్నర దాటాక ఆ పై గదిలోంచి ఎవరో పిలుస్తారు.

నిన్నూ నన్నూ కాదు. పేర్లు పిలుస్తారు. మనుషుల పేర్లు కావవి. ఎక్కడా వినని పేర్లు. ఒక్కో పేరూ మూడేసి సార్లు... మధ్యమధ్యలో ఆగుతూ... ఊపిరి అందనివాడు పిలిచినట్టు.

మొదట విన్నది ఎదురింటి కుట్టుమిషన్ ఆంటీ. ఏదో అర్జంటు ఆర్డరని అర్ధరాత్రిదాకా కుడుతూ కూర్చుంది. ఆ గొంతు వినేసరికి సూది వేల్లో దిగింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ వాచ్‌మన్. ఆయన కోతలకి అంతుండదు, దెయ్యమే నన్ను చూసి దడుచుకోవాలి అనే రకం. టార్చి పట్టుకుని గేటుదాకా వెళ్ళాడు. తెల్లారి పగటి డ్యూటీ కావాలని మేనేజరు దగ్గర నిలబడ్డాడు. ఏమయ్యా, ఏం చూశావంటే — దోమలు ఎక్కువయ్యాయి సార్ అన్నాడట.

మూడోవాడు సోడాబుడ్డి. పేరు చూసి నవ్వకు, వాడి కళ్ళద్దాలు చూస్తే నువ్వూ అదే పేరు పెడతావు. వాడు ఒక రాత్రి ఆ సందులోంచి సైకిల్ మీద వస్తుంటే సరిగ్గా ఆ గేటు ముందే చైను ఊడింది. తిట్టుకుంటూ కింద కూర్చున్నాడు. చేతులకి నల్ల గ్రీజు. సందులో పిట్ట మనిషి లేడు.

అప్పుడు వినపడింది.

"కిర్రాణి... కిర్రాణి... కిర్రాణి..."

కాసేపు ఏమీ లేదు. మళ్ళీ —

"సుయ్యారుడు... సుయ్యా... సుయ్యారుడు..."

సోడాబుడ్డి వేలు చైనులో ఇరుక్కుంది. తీసుకోవాలని కూడా తోచలేదు వాడికి. గొంతు విని కాదు వాడు బిగుసుకుపోయింది. ఆ పేర్లు విని.

ఆ పేర్లు ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. వాళ్ళలో ఒకడు పోయి అప్పటికి ఐదు నెలలు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్ళాలి, లేకపోతే నీకు అర్థం కాదు. ఓపిక పట్టు.

ఆ మేడలో అంతకుముందు ఒక కుటుంబం ఉండేది. నాన్న బస్సు డ్రైవరు. అమ్మ. కూతురు — అందరూ పిడుగు అంటారు, పదిహేనేళ్ళు, పేరుకి తగ్గదే. పిడుగుకి ఒక అన్నయ్య. రెండేళ్ళు పెద్ద. పుట్టినప్పటి నుంచీ వాడికి ఊపిరితిత్తులు సరిగా లేవు. చివరి రెండేళ్ళూ మంచమే. పై గదికి గాలి బాగా వస్తుందని అక్కడ వేశారు మంచం. పక్కన గాలి మిషను, ముక్కుకి గొట్టం.

స్కూల్లేదు, వీధి లేదు. కిటికీలోంచి చూద్దామంటే ఫ్యాక్టరీ గోడ తప్ప ఏమీ కనపడదు. కనపడకపోయినా వినపడుతుందిగా. లోకమంతా వాడికి చెవుల్లోంచే వచ్చేది.

అందుకే వాడికి ఆ పని ఇచ్చారు. దేవుళ్ళకి పేర్లు పెట్టే పని.

ఏ దేవుళ్ళంటావా? ఆటలో దేవుళ్ళు. కాగితం, పెన్సిలు, పాచికలు... అంతే ఆట. ఒక లోకాన్ని మీరే కల్పించుకుంటారు — రాజ్యాలు, అడవులు, రాక్షసులు, అన్నీ. పిడుగు క్లాస్‌మేటు సోడాబుడ్డి కథ నడిపేవాడు. పిడుగు దొంగ. నిజంగా కాదు రా బాబూ, ఆటలో. అన్నయ్య ఆ లోకానికి పూజారి. ఏ దేవుడు ఏ వరం ఇస్తాడో, ఎవరికి కోపమొస్తే ఏమవుతుందో అంతా వాడి చేతిలోనే. రోజూ సాయంత్రం స్కూలు వదలగానే ఇద్దరూ ఆ మెట్లెక్కి పోయేవాళ్ళు. చీకటి పడేదాకా ఆటే.

పేరు పెట్టడానికి వాడికో పద్ధతి ఉండేది. కళ్ళు మూసుకుని పడుకుంటాడు. ఇంట్లో ఏదో ఒక చప్పుడు పట్టుకుంటాడు. దాన్ని నోట్లో వేసుకుని నములుతాడు... నమిలి నమిలి దేవుణ్ణి చేసి బయటికి తీస్తాడు. కింద బాత్రూమ్ తలుపు కిర్రుమంటుంది కదా, అదే గడపల దేవత కిర్రాణి. కిరాణా కొట్టు దేవత అని సోడాబుడ్డి తెగ ఏడిపించేవాడు. కుక్కరు కూత నుంచి ఆకలి దేవుడు సుయ్యారుడు. తలుపు గొళ్ళెం నుంచి దొంగల దేవత చిటికిణి, పిడుగు ఇష్టదైవం. తన మంచం పక్క మిషను ఉస్సు... గప్... ఉస్సు... గప్ అని రాత్రంతా కొట్టుకుంటుంది చూడు, దాన్లోంచి ఓర్పు దేవుణ్ణి తీశాడు. ఉస్సంగి.

అలా నలభై ఒక్క మంది. ఒక పెద్ద నోట్‌బుక్కులో వరుసగా నంబరు, ఏ దేవుడు, పేరేంటి, ఏ చప్పుడు... అన్నీ పిచ్చికాకి గీతల్లాంటి రాతలో.

రెండు రూల్సు మొదటి పేజీలోనే ఉండేవి. ఒకటి — కొత్త పేరు మూడుసార్లు పైకి పిలిస్తేనే ఆ దేవుడు పుట్టినట్టు. రెండు — నెల రోజులు ఎవరూ పిలవకపోతే పోయినట్టు. పేరు కొట్టెయ్యాలి.

వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసేవాడు. ఉన్న దేవుళ్ళకి దణ్ణం పెట్టడానికే టైం చాలట్లేదు, మళ్ళీ కొత్తవాళ్ళెందుకురా అని గొణుక్కుంటూ పోయేవాడు. కొడుకు నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది.

నలభై రెండో గీత మాత్రం ఖాళీ.

అది చావు దేవుడిది.

వాడు దానికి పేరు పెట్టలేదు. చప్పుడు దొరకలేదంటాడు. రేపంటాడు. పేరు లేని దేవుడు ఆటలోకి రాకూడదు కాబట్టి ఆ లోకంలో ఎవ్వరూ చావరు. కొండ మీంచి పడినా చావరు, రాక్షసుడు మింగినా వాడి కడుపులో కూర్చుని కబుర్లు చెప్తారు. మొదట్లో భలే నవ్వుకున్నారు. ఏడాది గడిచేసరికి పిడుగుకి విసుగొచ్చింది. ఏం చేసినా ఏమీ కాని ఆటలో దొంగతనం చేస్తే మాత్రం మజా ఏముంటుంది చెప్పు.

ఒకరోజు సాయంత్రం పట్టు పట్టింది. ఈరోజు పెట్టాల్సిందే అంది. వాడు రేపన్నాడు. నీ రేపు ఎప్పటికీ రాదు అని నోట్‌బుక్ లాక్కుంది. నలభై రెండో గీత మీద నల్ల పెన్నుతో, అదిమిపెట్టి రాసింది — ఘోరాంతకుడు.

చప్పుడు లేదు, గిప్పుడు లేదు. నోటికొచ్చిన విలన్ పేరు. రాసి, మంచం ముందు నిలబడి, చేతులు నడుముకి పెట్టుకుని మూడుసార్లు గట్టిగా పిలిచింది.

సోడాబుడ్డి నవ్వబోయి ఆగాడు. అన్నయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వాడు కాదే," అన్నాడు. "చెరిపెయ్."

పిడుగు చెరపలేదు. ఎవ్వడూ చావని ఆట ఒక ఆటేనా, నీకోసం ఎన్నాళ్ళు చిన్నపిల్లల ఆట ఆడాలి అని అరిచింది. నీకోసం అన్న ఆ మాట నోట్లోంచి వచ్చేశాక గానీ తెలియలేదు దానికి. తెలిసినా తగ్గలేదు. అప్పటికప్పుడు బ్యాగు సర్దుకుని, మూతి ముడుచుకుని, ఊరికి ఆ చివర ఉన్న పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోయింది. వాడే ఫోన్ చెయ్యాలి, వాడే బతిమాలాలి అనుకుంది.

వాడు చేశాడు. రెండుసార్లు. అది ఎత్తలేదు.

మూడో రాత్రి నాన్న చేశాడు.

అదీ సంగతి. ఇంకెవరికీ తెలియదు. అందరికీ తెలిసిందల్లా ఆ అబ్బాయి జబ్బుతో పోయాడని. పిడుగుకి మాత్రమే తెలుసు అసలు విషయం. ఆ లోకంలోకి చావు రాకుండా వాడు ఏడాది పాటు తలుపు మూసి పట్టుకున్నాడు. అది వెళ్ళి తీసింది. పేరు పెట్టి, మూడుసార్లు పిలిచి, తీసింది. మూడు రోజులకి వచ్చేశాడు ఆ ఘోరాంతకుడు.

నవ్వొస్తోందా? ఆటేగా అంటావా? నువ్వు చెప్పు దానికి. సోడాబుడ్డి వందసార్లు చెప్పాడు. డాక్టరు చెప్పింది, ఊపిరితిత్తులు అయిపోయాయని. దాని బుర్రకి ఎక్కితేగా. ఐదు నెలలు అన్నం సరిగా తినలేదు. పిడుగు అని పిలిస్తే పలకడం కూడా మానేసింది.

వాళ్ళమ్మ ఆ ఇనప మెట్ల వైపు చూడలేకపోయింది. నెల తిరక్కుండానే మూడు వీధుల అవతలకి ఇల్లు మారారు. సామాను సర్దేటప్పుడు పిడుగు నోట్‌బుక్ కోసం ఇల్లంతా వెతికింది. ఆ పేరు కొట్టెయ్యాలి. ఇప్పుడు కొట్టేస్తే ఏం లాభమో దానికీ తెలియదు, కానీ కొట్టెయ్యాలి. నోట్‌బుక్ దొరకలేదు.

ఇదీ వెనక జరిగింది. ఇప్పుడు ముందుకి రా.

సోడాబుడ్డి వేలికి కట్టుతో మర్నాడు లంచ్ బెల్లులో పిడుగు పక్కన కూర్చున్నాడు. చెప్పాలా వద్దా అని గింజుకుని గింజుకుని చెప్పేశాడు. పేర్లు వరుసగా వస్తున్నాయని చెప్పాడు. నోట్‌బుక్కులో ఉన్న వరుసే. ఒక్కోటి మూడుసార్లు. ఊపిరి అందనట్టు.

అది భయపడుతుందనుకున్నాడు వాడు. దాని కళ్ళు చూసి వాడే భయపడ్డాడు. ఐదు నెలల తర్వాత మొదటిసారి ఆ కళ్ళల్లో వెలుగు.

వాడే అది, అంది పిడుగు. దెయ్యమైనా సరే. వాడైతే చాలు.

ఆ రాత్రి అమ్మ నిద్రపోయేదాకా ఆగింది. నాన్నకి డబుల్ డ్యూటీ, ఈమధ్య రోజూ డబుల్ డ్యూటీయే, ఒంటి గంటకి గానీ రాడు. పిల్లిలా తలుపు తీసుకుని బయటపడింది. సోడాబుడ్డి వీధి మలుపులో సైకిల్‌తో ఉన్నాడు. ఇద్దరూ ఐస్ ఫ్యాక్టరీ దాటారు. లోపల మిషన్లు గుయ్‌మంటున్నాయి. సందులోకి తిరగగానే ఆ మోత కూడా ఆగిపోయినట్టయింది.

కుక్కలు లేవు. ఎప్పుడూ ఉండే కుక్కలు ఆ రాత్రి లేవు.

గేటు దగ్గరికొచ్చేసరికి సోడాబుడ్డి ఆగిపోయాడు. సైకిల్ ఎవరైనా ఎత్తుకుపోతారు, నేనిక్కడే కాపలా ఉంటాలే అన్నాడు. మహానుభావుడు.

పిడుగు ఒక్కతే లోపలికెళ్ళింది.

పైన... పలచగా, కిటికీ సందులోంచి... ఏదో మిణుకుమంది. ఆరిపోయింది. మళ్ళీ మిణుకుమంది.

గొంతు వినపడింది.

"చిటికిణి... చిటి... కిణి... చిటికిణి..."

దాని ఇష్టదైవం. పిడుగు మెట్ల కమ్మీ పట్టుకుంది. ఇనుము మంచులా ఉంది. ఆ గొంతు వాడిదిలా ఉంది, వాడిదిలా లేదు. లోతు నుంచి వస్తోంది, నీళ్ళ అడుగు నుంచి మాట్లాడుతున్నట్టు. మధ్యలో ఆగిన చోటల్లా వాడిలాగే ఆగుతోంది. మిషను కాసేపు తీసినప్పుడల్లా వాడు అలాగే ఆగేవాడు.

"ఉస్సంగి... ఉస్సం..."

ఈసారి పేరు సగంలో తెగిపోయింది. తెగిపోయి... ఒక మూలుగు.

అయ్యో, వాడికి ఊపిరాడట్లేదు అనుకుంది పిడుగు. పోయినా కూడా ఆడట్లేదు. భయం ఎటుపోయిందో తెలియదు. ఎక్కడం మొదలెట్టింది. కళ్ళనిండా నీళ్ళు, మెట్లు కనపడట్లేదు. చీకట్లో కాళ్ళే దారి గుర్తుపట్టాయి.

టప్. టప్. సర్ర్...

టప్. టప్. సర్ర్...

పైన గొంతు ఠక్కున ఆగిపోయింది.

పిడుగు కూడా ఆగింది. ఊపిరి బిగబట్టింది. ఫ్యాక్టరీ లేదు, సందు లేదు, ఏమీ లేదు. తన గుండె చప్పుడు తప్ప.

తలుపు అవతల నుంచి, చాలా మెల్లగా —

"వచ్చావా..."

పిడుగు ఇంకో మెట్టెక్కింది.

"రా. తలుపు తీసే ఉంది."

నేనైతేనా, అక్కణ్ణుంచి దూకి చచ్చేవాణ్ణి. పిడుగు తలుపు తోసింది.

గది ఖాళీ. మంచం ఉండే చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు. ఆ గుర్తుల మధ్యలో గోడకానుకుని ఒకాయన కూర్చున్నాడు. ఖాకీ చొక్కా. ఒళ్ళో నోట్‌బుక్, చేతిలో మిణుకుమిణుకుమనే పాత టార్చి. తలుపు వైపే చూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

వాళ్ళ నాన్న.

పిడుగు అలా నిలబడిపోయింది. మొదట దానికొచ్చింది ఏడుపు కాదు, కోపం. నువ్వా అన్నట్టు చూసింది. వాడు కాదు. ఇక ఎప్పటికీ వాడు కాదు. ఐదు నెలల క్రితం జరిగింది ఆ గుమ్మంలో మళ్ళీ ఇంకోసారి జరిగినట్టయింది దానికి.

నాన్న మొహంలో కూడా అదే. ఎవరి కోసమో చూసినవాడు, ఇంకెవరినో చూసినట్టు.

తర్వాత ఆయన దాన్ని దగ్గరికి పిలిచాడు, కూర్చోబెట్టుకున్నాడు, చెప్పుకొచ్చాడు. డబుల్ డ్యూటీ అబద్ధం. వాడు పోయిన వారానికి నోట్‌బుక్ తలగడ గలీబులో దొరికింది. మొదటి పేజీలో రూలు చదివాడు... నెల రోజులు పిలవకపోతే పోయినట్టు. వాణ్ణి ఎలాగూ పట్టుకోలేకపోయాం. వాడి పిల్లలు వీళ్ళు, నలభై ఒక్క మంది. వీళ్ళని కూడా పోనిస్తానా అనుకున్నాడట. ఇంట్లో చదివితే అమ్మ తట్టుకోలేదు. ఇంటి ఓనరుని అడిగి తాళంచెవి ఉంచుకున్నాడు. డ్యూటీ దిగి రోజూ ఇక్కడికే. ఆ రాత ఆయనకి అర్థమై చావదు, ఆ పేర్లు నోరు తిరగవు. తప్పు పలికితే మళ్ళీ మొదటి నుంచి.

నిద్ర దేవత దగ్గర రోజూ ఆగిపోతానమ్మా అన్నాడు. చూపించాడు. పేరు — గుర్రోలి. చప్పుడు — నాన్న గురక.

ఇద్దరూ నవ్వారు. నవ్వి, ఇద్దరూ ఏడ్చారు.

అప్పుడు పిడుగు చెప్పింది. ఐదు నెలలుగా గొంతులో అడ్డం పడ్డది మొత్తం కక్కేసింది. లాక్కోవడం, రాయడం, మూడుసార్లు పిలవడం, ఫోన్ ఎత్తకపోవడం. అన్నయ్యని నేనే చంపాను నాన్నా అంది. ఆ పేరు కొట్టెయ్యి, నీకు దణ్ణం పెడతా, కొట్టెయ్యి అంది.

నాన్న నోట్‌బుక్ చివరికి తిప్పాడు. ఆఖరి అట్ట లోపలి వైపు టార్చి వేశాడు.

అక్కడ, ఎవరూ చూడని చోట, పెన్సిలుతో చిన్నగా —

నలభై రెండు. చావు. దేవుడు కాదు, దేవత. పేరు: తపసరి. చప్పుడు: చెల్లి మెట్లెక్కే చప్పుడు. రెండు మెట్లు గబగబా, మూడో మెట్టు మీద కాలీడుస్తుంది. ఇలా వస్తే భయం వెయ్యదు. దానికి చెప్పకూడదు. చెప్తే కాళ్ళు చూసుకుంటూ ఎక్కుతుంది, ఈ చప్పుడు పోతుంది.

కింద తేదీ. గొడవకి రెండు నెలల ముందుది.

పిడుగు మూడుసార్లు చదివింది. తను రాసినదాని కంటే ముందే పేరుంది. మూడుసార్లు పైకి పిలిచే ఉంటాడు, ఎవరూ లేనప్పుడు. తను రాసింది ఊరికే ఒక పిచ్చిగీత. వాణ్ణి చంపింది తను కాదు. గుండె మీంచి బండ దిగినట్టయింది... దిగిన మరుక్షణం దానికంటే పెద్దది వచ్చి కూర్చుంది. రోజూ సాయంత్రం బ్యాగు విసిరేసి, చిరుతిండి నములుతూ, పట్టించుకోకుండా అది ఎక్కిన ఆ మెట్లు... వాడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. అలవాటు చేసుకుంటున్నాడు.

మరి నువ్వు ఇందాక వచ్చావా అని ఎవర్ని పిలిచావు నాన్నా అని అడిగింది.

నాన్న కాసేపు ఖాకీ చొక్కా గుండీ తిప్పుతూ కూర్చున్నాడు. నలభై ఒక్క పేర్లూ అయ్యాక, రోజూ చివర్న తపసరిని కూడా పిలుస్తానన్నాడు. ఈ రోజు మిగిలినవాళ్ళ పేర్లు పూర్తి కాకుండానే మెట్ల మీద చప్పుడు వినపడింది. ఆమే అనుకున్నాడు.

పిడుగు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎందుకు పిలుస్తున్నావంది.

"నా కోసం కాదు తల్లీ," అన్నాడు. "ఒక్క మాట అడుగుదామని. మావాడికి ఇప్పుడు ఊపిరి బాగా ఆడుతోందా అని."

టార్చి ఆరిపోయింది. కొట్టి మళ్ళీ వెలిగించాడు.

తర్వాత, దాని తల నిమురుతూ, చాలా మామూలుగా అన్నాడు. నీ మీద వాడికి కోపం లేదమ్మా, నువ్వు రాకుండా వాడు పోలేదుగా, అది చాలు అన్నాడు.

పిడుగుకి అర్థం కాలేదు.

వాడు పోయిన రాత్రే, అన్నాడు నాన్న. అమ్మ కింద వేణ్ణీళ్ళు పెడుతోంది. నేనొక్కణ్ణే ఉన్నాను వాడి దగ్గర. మెట్ల మీద నువ్వొస్తున్న చప్పుడు. నేనూ విన్నాను. రెండు గబగబా, మూడోది ఈడుస్తూ. అంత ఆయాసంలోనూ వాడి మొహం విప్పారింది. వచ్చేసింది నాన్నా, తలుపు తియ్యి అన్నాడు. నేను లేచి వెళ్ళి తీశాను. మెట్ల మీద నువ్వు లేవు. వెనక్కి తిరిగేసరికి వాడూ లేడు. గుమ్మందాకా వచ్చి, లోపల వాణ్ణి అలా చూసి, తట్టుకోలేక మళ్ళీ పిన్ని వాళ్ళింటికి పరిగెత్తి వెళ్ళిపోయావనుకున్నాను. పసిపిల్లవి. అందుకే ఇన్నాళ్ళూ నిన్ను అడగలేదు.

"నవ్వాడా?" అంది పిడుగు.

"నవ్వాడు."

"నాన్నా..." అంది పిడుగు. "ఆ రాత్రి నేను పిన్ని వాళ్ళింట్లో ఉన్నాను. నువ్వు ఫోన్ చేసేదాకా మంచం దిగలేదు."

నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

కింద గేటు దగ్గర సోడాబుడ్డి దగ్గాడు. నాన్న టార్చిని మెల్లగా, మెల్లగా తలుపు వైపు తిప్పాడు. తెరిచిన తలుపు. అవతల ఇనప మెట్లు, సగందాకా వెలుగు, ఆ కింద చీకటి.

"మరి నేను..." అన్నాడు నాన్న, "తలుపు ఎవరికి తీశాను?"

అప్పుడు పిడుగు లేచి, ఆ మెట్ల దగ్గరికి వెళ్ళి — ఆగాగు, మా అక్క కింద నుంచి అరుస్తోంది. వస్తున్నానే అన్నా వినట్లేదు, ఇక్కడికే మెట్లెక్కి వచ్చేస్తోంది... టప్. టప్. సర్